పేరడగని గది

హెడ్డా రాస్క్ అనే ఆవిడ, డిటెక్టివ్ ఐనా సాల్మెలా ఆఫీసు మెట్లెక్కి వచ్చిన మధ్యాహ్నం, అమెరికాలోని డులూత్ ఊరు సగానికి సగం పొగమంచులో మాయమైపోయి ఉంది. సరస్సు లేదు. వంతెన లేదు. ఎదుటి వీధి కూడా ఉందో లేదో ఒట్టేసి చెప్పడం కష్టం. ఎక్కడో ఓడ కూత వేసింది, దానికి వంతెన మీది కూత బదులు పలికింది. రెండూ కనబడవు, పలకరింపులు మాత్రం వినబడతాయి. ఐనాకి సహాయకుడైన వెండెల్ గాగ్నన్‌కి ఇలాంటి రోజులంటే ప్రాణం. రేడియోలో ఏళ్ళ తరబడి వార్తలు చదివి, ఆ ఉద్యోగం ఊడాక ఇక్కడ చేరినవాడు. మనిషి కనబడకుండా గొంతు మాత్రమే వినబడితే చాలు, అతను ఏదో లోకంలోకి వెళ్ళిపోతాడు.

హెడ్డాది మాత్రం ఈ లోకమే. కోటు విప్పమంటే విప్పలేదు, కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రేపు సాయంత్రం లోపు ఒక మనిషెవరో కనిపెట్టాలండీ. లేకపోతే ఇంకో మనిషి మాకు దక్కడు."

"నిదానంగా చెప్పండి," అంది ఐనా. "వెండెల్, ఆ ఏలకుల రొట్టె అంతా నువ్వే లాగించెయ్యకపోతే ఆవిడకీ ఓ ముక్క పెట్టు."

రొట్టె ముక్క చేతిలో అలాగే ఉండిపోయింది కానీ హెడ్డా చెప్పడం మొదలుపెట్టింది. కొన్నేళ్ళ కిందట ఆమె మనసు చితికి ఆస్పత్రి పాలైంది. లేచి తిరిగాక తనలాంటివాళ్ళ కోసం ఇంటర్నెట్‌లో ఒక గది పెట్టింది. అందులో డాక్టర్లుండరు, మొహాలు కనబడవు, వట్టి గొంతులే. పొద్దువాలే వేళకి ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని అందులోకి వస్తారు. నిలదొక్కుకున్నవాళ్ళు, ఇంకా నిలదొక్కుకోనివాళ్ళకి తోడుంటారు.

"నన్ను తప్ప అందర్నీ పెట్టుడు పేర్లతోనే పిలుచుకుంటాం. ఊరూ పేరూ అడగం. బయట ఒకరినొకరు కలవకూడదు, వెతకకూడదు. అదే మా ఒట్టు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళ మైకులు వాటంతటవే మూసుకుంటాయి. ఒకళ్ళ ఏడుపు మీద ఇంకొకళ్ళ సలహా వచ్చి పడకూడదని నేనే అలా చేయించాను."

"మరి ఏం జరిగింది?"

"వడగళ్ళు అని ఒకాయన వస్తాడు. అదీ పెట్టుడు పేరే. పోయిన నెల ఒక సాయంత్రం, 'ఇవాళ మనసు తేలిగ్గా ఉంది, అందరికీ థాంక్స్' అని ముందే వెళ్ళిపోయాడు. కాసేపటికే పోలీసులొచ్చి ఆయన తలుపు బాదారు. ప్రాణం తీసుకుంటాడేమోనని ఎవరో ఫోన్ చేశారట. వీధంతా చూస్తుండగా, దొంగకి వేసినట్టు బేడీలు వేసి ఆస్పత్రికి తీసుకుపోయారు. ఇప్పుడు ఇంటికొచ్చాడు. 'ఈ గదిలోవాళ్ళే నా ఇల్లు చూపించారు. అదెవరో రేపటికల్లా చెప్పండి, లేకపోతే ఇక రాను' అంటున్నాడు. ఆయనకి మేం తప్ప ఎవరూ లేరండీ. గది వదిలేస్తే ఆయన బతకడని నా భయం."

"అనుమానం ఎవరిమీద?"

"నామీదే. చేరేటప్పుడు రాసిచ్చే అసలు పేర్లూ అడ్రసులూ ఉండేది నా ఒక్కదాని దగ్గరే కదా. దేవుడి తోడు, నేను వాటి జోలికే పోలేదు."

ఐనా ఆమెని అలాగే కూర్చోబెట్టి, పోలీసుల్లో తనకి తెలిసిన ఒకాయనకి ఫోన్ చేసింది. ఫోన్ చేసిందెవరో ఆయనకీ తెలియదు. అన్న మాటలు మాత్రం గుర్తున్నాయి. కొండవాలు మీద చర్చి వెనక సందు. నంబరు తెలియదు, పసుపు రంగు మేడ. వెనక మెట్లెక్కాలి. బెల్లు పనిచెయ్యదు, తలుపు కొట్టండి. ఆయన చాలా మంచివాడు, దయచేసి తుపాకులు బయటికి తియ్యకండి.

ఐనా ఫోన్ పెట్టేసి హెడ్డా వైపు తిరిగింది. "మీ దగ్గరున్న అడ్రసుల్లో ఏముంటాయి?"

"ఇంటి నంబరు, వీధి పేరు."

"ఇంటి రంగు?"

"రంగెందుకుంటుందండీ?"

"అయితే ఆ ఫోన్ చేసింది మీరు కాదు. ఇక ఆ రొట్టె తినండి."

వెండెల్‌కి సగమే అర్థమైంది. అయినా అంతా అర్థమైనట్టు తల ఊపాడు. అది అతని పాత అలవాటే.

ఆ సాయంత్రం అందరి అనుమతితో ఐనా, వెండెల్ కూడా ఆ గదిలోకి వెళ్ళారు. గది అంటే ఏముంది, నల్లటి తెర మీద నాలుగు పేర్లు. ఎవరి గొంతు పలికితే వాళ్ళ పేరు కాస్త వెలుగుతుంది. బయట ఊరంతా తెల్లగా మునిగిపోయి ఉంది. లోపల వెండెల్ తాను కూర్చున్న కుర్చీని కూడా మర్చిపోయాడు.

హెడ్డా తన ఆనవాయితీ ప్రకారం మొదలుపెట్టింది. "కళ్ళకి కనబడేదొకటి, చెవికి వినబడేదొకటి చెప్పండి. మనసు ఎక్కడెక్కడో తిరుగుతుంటే కాళ్ళ కిందున్న నేల మీదికి రావాలి కదా. పిచ్చుకా, నువ్వు చెప్పు."

"పిల్లి కనబడుతోంది," అందో ఆడగొంతు. "పైవాటా మొగుడూ పెళ్ళాల పోట్లాట వినబడుతోంది. ఇవాళ ఆవిడదే పైచెయ్యి."

నవ్వుకోవడానికి కూడా మైకు ఒకరిదే కాబట్టి, పిచ్చుక నవ్వు ఒక్కటే వినబడింది. తర్వాత వడగళ్ళ పేరు వెలిగింది. అలిసిపోయిన గొంతు.

"మంచు కనబడుతోంది. ఎవరి వరండాలోనో కట్టిన చెంచాలు గాలికి మోగుతున్నాయి. ఈ వీధిలో నాకిష్టమైంది ఇదొక్కటే." అతని మాటల వెనక సన్నగా గలగలలు వినిపించాయి.

ఆఖరున పాత పడవ అనే పెద్దాయన వంతు వచ్చింది. "కాఫీ కప్పు కనబడుతోంది. ఫ్రిజ్ మోత వినబడుతోంది. అంతే, ఇంకేం లేదు." ఆయన మాట్లాడుతున్నంతసేపూ చెంచాలు గలగలలాడుతూనే ఉన్నాయి. వడగళ్ళు మైకులోంచి ఆ చప్పుడు ఇంకా వస్తోందని మురిసిపోయి, వెండెల్ హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

ఐనా మాత్రం నిటారుగా కూర్చుంది. "వడగళ్ళు గారూ, మీ ఇంటి బెల్లు పనిచేస్తుందా?"

"లేదండీ, ఎప్పుడో చచ్చింది. పార్సెల్ తెచ్చేవాళ్ళు నొక్కి నొక్కి, విసుగొచ్చి తలుపు బాదుతారు."

"ఈ గదిలో ఎవరికైనా ఆ మాట చెప్పారా?"

"చచ్చిన బెల్లు గురించి ఎవరికి చెప్పుకుంటాం?"

"ఈ ప్రశ్నలన్నీ ఎందుకు?" అంది పిచ్చుక దురుసుగా. "అడ్రసులున్నది హెడ్డా దగ్గర. అడిగేదేదో ఆవిణ్ణే అడగరాదూ?"

"హెడ్డా అలాంటి పని చెయ్యదు!" పాత పడవ గొంతు ఒక్కసారిగా లేచింది.

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?" అంది ఐనా.

"తెలుసు కాబట్టి," అన్నాడాయన.

మర్నాడు పొద్దువాలుతుండగా ఐనా, వెండెల్ కొండవాలు మీది చర్చి వెనక సందులో నడిచారు. మంచు నిన్నటికన్నా చిక్కబడింది. ఇళ్ళు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి మొహం చూపించి మళ్ళీ వెనక్కి తగ్గుతున్నాయి. వెండెల్ తాను నిద్రలో నడుస్తున్నానేమో అనుకున్నాడు.

"అడ్రసు అడగకుండా ఏం వెతుకుతున్నామండీ మనం?"

"వెతకడం లేదు, వింటున్నాం. నోరు కాస్త కట్టేసుకో."

అప్పుడు వినబడింది, సన్నని గలగల. ఎడమవైపు వరండాలో పాత చెంచాలు, దారాలకి వేలాడుతున్నాయి. కుడివైపు, సందుకి అవతల, పసుపు రంగు మేడ, వెనక మెట్లు, పైన ఓ తలుపు. ఐనా పసుపు ఇంటి వైపు వెళ్ళలేదు. చెంచాలున్న వరండా ఎక్కింది. తలుపు తీసిన పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి. ఆమె నోరు తెరిచి "నమస్కారం" అనేసరికి ఆయన భుజాలు కుంగిపోయాయి.

"నిన్నటి గొంతు," అన్నాడు. "వస్తారని తెలుసు. రండి, కాఫీ పెడతాను. నా పేరు ఇవర్ ఆమట్. గదిలో పాత పడవని."

ఆయన వంటింటి బల్ల మీదే కంప్యూటర్ ఉంది. గది తెరుచుకుంది, పేర్లన్నీ వచ్చాయి. ఐనా ఇవర్ మైకు ముందు కూర్చుంది.

"అందరూ వచ్చారు కదా, వినండి," అంది. "పోలీసులకి ఫోన్ చేసినవాళ్ళకి ఇంటి నంబరు తెలియదు. ఇంటి రంగు తెలుసు, వెనక మెట్లు తెలుసు. బెల్లు చచ్చిపోయిందని తెలుసు. ఇవి ఏ కంప్యూటర్లోనూ ఉండవు, కిటికీలోంచి చూసేవాళ్ళకే తెలుస్తాయి. కాబట్టి హెడ్డా కాదు. మరి గదిలో ఉన్నవాళ్ళకి ఆ కిటికీ ఎక్కడిది? నిన్న వడగళ్ళు గారి మాటల వెనక చెంచాలు మోగాయి. తర్వాత ఇంకొకరి మాటల వెనకా మోగాయి. మీ గదిలో మైకు ఒక్కసారి ఒక్కరిదే తెరుచుకుంటుంది. అంటే ఆ రెండో మోత ఆ రెండో మనిషి ఇంటిదే. చెవి పక్కన అంత మోత పెట్టుకుని, వినబడేది ఫ్రిజ్ ఒక్కటే అన్నాడాయన. చెంచాల పేరెత్తితే ఇల్లు తెలిసిపోతుందని భయం."

వెండెల్ చెంపలు వేసుకున్నాడు. ఇన్నేళ్ళ రేడియో చెవులు, కళ్ళు మూసుకుని జోల విన్నట్టు విన్నాయి!

ఐనా లేచి కుర్చీ వదిలింది. "మిగతాది ఆయనే చెప్తాడు."

ఇవర్ కూర్చుని మైకు దగ్గరికి జరుపుకున్నాడు.

"నేనే బాబూ," అన్నాడు. "ఆ చెంచాలు నా భార్య కట్టింది. చలికాలంలో ఒకరోజు గాలి వచ్చినప్పుడు నా కిటికీలోనూ మోగాయి, నీ గొంతు వెనకా మోగాయి. ఎదురింట్లో ఉన్నది నువ్వేనని అప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. రోజూ నీ దీపం వెలిగిందా లేదా అని చూసి పడుకునేవాణ్ణి. ఆ రోజు తేలిగ్గా ఉందన్నావు. మా తమ్ముడూ చివరి రోజు అదే అన్నాడు. పాపం, వాడు కుదుటపడ్డాడని నేను సంతోషంగా ఇంటికొచ్చేశాను." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "చూస్తే నీ దీపం లేదు. కోటు వేసుకున్నాను. గుమ్మం దాకా వచ్చాను. కానీ బయట కలవకూడదని అందరం ఒట్టు పెట్టుకున్నాం కదా. ఒట్టు తప్పకూడదని ఆగిపోయి, పోలీసులకి ఫోన్ చేశాను."

వెండెల్ కిటికీలోంచి చూశాడు. పసుపు ఇంటి మెట్లు ఈ గుమ్మానికి పదడుగుల దూరంలో ఉన్నాయి. అంత దూరం నడవకూడదని ఈ మనిషి తుపాకులున్న వాళ్ళని పంపాడు. వెండెల్‌కి కోపం రావాలి. రాలేదు, జాలేసింది.

"నామీద అనుమానం వచ్చినప్పుడైనా చెప్పాల్సింది కదా, పడవ గారూ," అంది హెడ్డా మెల్లగా.

"సిగ్గేసిందమ్మా. ఈ గది పోతే నాకూ ఎవరూ లేరు."

"ఎంత పని చేశావయ్యా!" అంది పిచ్చుక. తర్వాత, "హెడ్డా, నన్ను క్షమించు," అంది.

ఉన్నట్టుండి వడగళ్ళు పేరు తెర మీంచి పోయింది.

"వెళ్ళిపోయాడు!" హెడ్డా గొంతు గాభరాగా లేచింది. "వడగళ్ళూ! ఐనా గారూ, ఎవరైనా చూడండి, దయచేసి!"

ఇవర్ కుర్చీ తన్నేసి లేచాడు. ఈసారి కోటు కూడా తీసుకోలేదు. గుమ్మం దాకా పరిగెత్తి తలుపు లాగాడు. అవతలి మనిషి తలుపు కొట్టడానికి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉంది. చెప్పుల్లేని కాళ్ళు, మంచుకి తడిసిన జుట్టు. నలభై ఏళ్ళ మనిషి, పిల్లాడిలా ఒగరుస్తున్నాడు.

అతను ఎత్తిన చెయ్యి దించి, వెనక్కి తిరిగి తన ఇంటి మెట్ల వైపు చూశాడు.

"ఇంతేగా దూరం," అన్నాడతను. "మీరొచ్చి కొట్టొచ్చుగా?"

ఇవర్ తలుపు బార్లా తెరిచి పక్కకి జరిగాడు.

"మీరు అనుకున్నది నిజమే ఆ రోజు. మీరు ఫోన్ చెయ్యకపోతే నేను లేను. అది తెలిసి కూడా మీమీద కోపం పోవడం లేదు. వాళ్ళు నా చేతులు విరిచి కట్టారు పెద్దాయనా. మీరొచ్చి ఉంటే తలుపు తీసేవాణ్ణి."

"నువ్వు ఎంత తిట్టినా పడతాను," అన్నాడు ఇవర్. "రోజూ వచ్చి తిట్టు. లోపలికి రా ముందు, కాళ్ళు గడ్డకట్టుకుపోతాయి."

అతను చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఐనా తన కప్పు తీసుకుని బల్ల దగ్గర చోటు వదిలింది. చివరికి అతను తలుపు మూసి లోపలికొచ్చాడు.

కంప్యూటర్లోంచి హెడ్డా ఇంకా పిలుస్తోంది. "వడగళ్ళూ, ఎక్కడున్నారు? ఎవరైనా చెప్పండి..."

అతను ఇవర్ కుర్చీలో కూలబడి, మైకు దగ్గరికి వంగాడు.

"ఏడవకు హెడ్డా. ఎదురింట్లో ఉన్నాను. ఈయనతో దెబ్బలాడుతున్నా, కాస్త టైం పడుతుంది."