తింటివా నాయనా

సొసైటీలో పాలు పోసి, ఖాళీ క్యాను ఊపుకుంటూ కుప్పమ్మ ఇంటికి వచ్చేసరికి మొగుడు షణ్ముగం వసారాలో కూర్చుని రెండు చెరకు గడలకు ఆకు దూస్తున్నాడు. ఒకటి భుజం దాకా వచ్చే గడ, ఇంకొకటి నడుము దాకా.

"పొద్దున్నే ఎవురికయ్యా చెరకు?"

"నమిలేదానికి కాదు. తుపాకీ గొట్టం ఎంత పొడుగుండాలో కొలిచేదానికి."

తుపాకీ మాట వినగానే కుప్పమ్మ చెయ్యి మెడకు పోయింది. తాళిగొలుసు ఉండే చోట ఇప్పుడు పసుపు తాడు, దానికో పసుపు కొమ్ము.

మొన్న వానాకాలం, పొద్దుగూకే వేళ. చేని మధ్యలో ఒంటరి ఇల్లు. హెల్మెట్ పెట్టుకున్నవాడొకడు నేరుగా లోపలికి నడిచొచ్చి, పొయ్యి దగ్గరున్న ఆమె మెడలో గొలుసు తెంపుకుని పోయాడు. వాకిట్లో మంచం మీదున్న షణ్ముగం వాణ్ణి ఆపలేదు సరికదా, "తింటివా నాయనా?" అని అడిగాడు. ఆ మాట కుప్పమ్మ చెవిన పడింది. పోలీసులు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. అంతే, పళ్ళిపట్టు టీ కొట్ల దాకా పాకింది. భయపడి దొంగను నాయనా, తండ్రీ అని బతిమాలుకున్నాడని జనం విరగబడి నవ్వారు. ఆనాటి నుంచి షణ్ముగం ఊళ్ళోకి పోవడమే మానుకున్నాడు.

అడవిపందుల కోసమని ఆయన తండ్రి తీసుకున్న లైసెన్సు, తండ్రి పోయాక ఆయన పేరుకు మారింది. తండ్రి తుపాకీని మాత్రం తుప్పు తినేసింది. కొత్తదానికి ఫోన్ చేస్తే మద్రాసు అంగడివాడు ఒకటే అడిగాడు: గొట్టం పొడుగుదా, పొట్టిదా? చేనికైతే పొడుగు, ఇంటికైతే పొట్టి, తేల్చుకుని చెప్పండి అన్నాడు.

తిరువళ్ళూరు పక్క కంపెనీలో నైట్ షిఫ్టు ముగించుకుని కొడుకు శశికుమార్ అప్పుడే వచ్చాడు. గడలు చూసి చొక్కా అయినా మార్చుకోకుండా తండ్రిని నడవలోకి పిలిచాడు.

"పొడుగుది ఎత్తుకో నాయనా. దొంగ వంటింట్లో ఉండాడనుకో. తిరుగు."

షణ్ముగం గిరుక్కున తిరిగాడు. గడ కొస తగిలి గోడ మీది తిరుత్తణి మురుగన్ పటం పక్కకు ఒరిగింది.

"దొంగ కంటే ముందు దేవుణ్ణి కొట్టినావు మామా!" కోడలు దీపిక నవ్వు ఆపుకోలేకపోయింది.

"అందుకే పొట్టిది తీసుకుందామంటా ఉండా," అన్నాడు శశి.

"పొట్టిది చూస్తే వాడు నవ్వి పోతాడ్రా. మీ తాత చేతిలో పొడుగు గొట్టం చూసి పందులే పారిపోయేవి."

"పందులు భయపడింది గొట్టానికి కాదు, తాతకి. నిన్ను చూస్తే దొంగ కూడా కూచొని తినిపోతాడు!"

దీపిక నవ్వు ఆగిపోయింది. నోరు జారినందుకు తన మీదే కోపమొచ్చి, శశి విసురుగా బయటికి పోయాడు.

"రేయ్, నిలబడరా!" అని కుప్పమ్మ వెంటపడింది. వాడు బావి దగ్గర మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. పిలిచి పిలిచి విసిగి, ఆమె వెనక్కి వచ్చి గడపలో కాలు పెట్టింది. వీపున ఎండ, ఎదుట నడవ చీకటి.

"ఎవురది? ఆడనే నిలు!"

షణ్ముగం పొడుగు గడను భుజానికి ఆనించి, సరిగ్గా ఆమె గుండెకు గురిపెట్టాడు. ఆట అనుకుంది కుప్పమ్మ. నవ్వబోయింది. ఆయన గడ దించలేదు.

"నేనయ్యా," అంది.

గడ మెల్లగా కిందికి దిగింది. "నువ్వా?"

ఆమె దగ్గరికి పోయి ఆయన మొహం ముందు చెయ్యి ఆడించింది. రెప్ప కదల్లేదు.

"ఎన్నాళ్ళుగా?"

"వెలుతురికి అడ్డంగా నిలబడితే మనిషి నల్లగా కనబడతాడు. ఎంత ఎత్తో తెలస్తాది, అంతే. తిరుత్తణి కంటి క్యాంపులో చూపిస్తి. నరం ఎండిపోయిందంట. పోయింది రాదు, ఉన్నది నిలుపుకోమన్నారు."

కుప్పమ్మ చెయ్యి మళ్ళీ మెడలో తాడు మీదికి పోయింది. "అయితే... ఆ దినం?"

"బండి సద్దు వినబడె. హెల్మెట్. మనోడే అనుకుంటి. డ్యూటీకి పోకుండా మళ్ళుకున్నాడేమో, ఆకలిగా ఉండాడేమో అని అడిగితి."

ఇన్నాళ్ళూ ఊరంతా దొంగకు మొక్కిన మొక్కు అనుకున్న మాట, కన్నకొడుకును తిన్నావా అని అడిగిన మాట. దాన్ని ఊరి నోట్లో పెట్టింది తనే.

"మాతో చెప్పుంటే ఏమయ్యా?"

"పిరికోడని అప్పటికే అనేసినారు. గుడ్డోడని కూడా అనిపించుకోవాల్నా?"

గడప దగ్గర శశి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. జేబులో ఫోన్ మోగింది. అంగడివాడు.

"నీళమా సార్, కుట్టైయా?" పొడుగా, పొట్టా?

శశి తండ్రిని చూశాడు, అమ్మ మెడలో తాడును చూశాడు. "వేండాం," అని పెట్టేశాడు.

తుపాకీ వద్దన్నారు సరే, మరేం చేయాలో ఎవరికీ తెలియలేదు. షిఫ్టు మార్చమని శశి కంపెనీలో ఇదివరకే అడిగాడు, కుదరదన్నారు. తలుపుకున్న గడియ ఒక్కటే. ఇంట్లోకి వచ్చేవాళ్ళంతా పేరు చెప్పి రావాలని దీపిక అంది. దొంగకు మాత్రం పేర్లు తెలుసుకోవడం ఎంతసేపు అనుకుంది కుప్పమ్మ, పైకి అనలేదు.

సాయంత్రం డ్యూటీకి బయల్దేరుతూ శశి పళ్ళెంలో అన్నం పెట్టుకుని తండ్రి మంచం ముందు గొంతుకూర్చున్నాడు.

"తింటివా నాయనా?"

షణ్ముగం ఉలిక్కిపడ్డాడు. ఆ మాటతో తనను వెక్కిరించినవాళ్ళే తప్ప, ఆకలి అడిగినవాళ్ళు లేరు. చెయ్యి చాచి వెతికి, కొడుకు చెంప తడిమాడు. తడిగా ఉంది.

"లేదురా. ఇద్దరం తిందాం, కలుపు."

లోపల కుప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శశి బండి సద్దు దూరమైంది. కాసేపటికి మళ్ళీ ఏదో బండి సద్దు దగ్గరైంది. షణ్ముగం తల అటు తిప్పాడు.

"ఎవురే?"

కుప్పమ్మ వాకిట్లోకి పోయి, ఆ బండి ఇల్లు దాటిపోయే దాకా నిలబడి చూసింది.

"ఎవురూ లేరు," అని వచ్చి ఆయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంది.