చూపుతాళం

ఓరుగల్లు కుస్తీ తాలీం గోదాలో పైల్వాన్ ఓదెలు కుడిచెయ్యి విరిగిన చప్పుడు చివరి వరుస దాకా వినిపించింది. జనం ఈలలు వేశారు. వాళ్ళ మధ్య కూర్చున్న అక్క కనకలత మాత్రం తన మెడ వెనక చెయ్యి పెట్టి తడుముకుంది. తమ్ముడి నొప్పి అక్కడ తగలాలి. తగల్లేదు.

ఆ కాలానికి మెడ వెనక నాడిపెట్టె లేని మనిషి లేడు. నెలల పిల్లలకే కుట్టేసేవారు. ఒంట్లో నొప్పి ఎంతుందో లెక్కగట్టి అది తనలోని నొప్పిగదిలో రాసుకునేది. అక్కడ ఎంత రాసుంటే మనిషికి అంతే నొప్పి తెలిసేది. కుస్తీలకు తీర్పరులు అక్కర్లేకుండా పోయింది దానివల్లే. ఒక పైల్వాన్ నొప్పిగది నిండగానే గోదా మీద గంట మోగుతుంది, రెండోవాడు పట్టు వదిలేస్తాడు. ఓడినవాడు చేత్తో నేల తట్టే పాత పద్ధతి ముసలివాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇక చూడవచ్చిన వాళ్ళ సరదా కోసం 'పాలునొప్పి' అనే గుళిక ఒకటి ఉండేది. పైల్వాన్ల పెట్టెల్లో కూర్చుని, వాళ్ళ నొప్పిగదిని చూసి, అందులో రవ్వంత జనం మెడలకు పంచేది. తమ ఎముక విరక్కుండానే విరిగిన రుచి! టిక్కెట్ల కోసం కొట్టుకు చావరూ మరి?

గుళికలంటే చిన్న చిన్న ప్రోగ్రాములు, ఎవరైనా రాయొచ్చు. నాడిపెట్టెను నడిపే మూలంలోకి పోయేముందు వాటిని 'కావలి' అనే పెద్ద ప్రోగ్రాము వాక్యం వాక్యం చదివి, తేడా కనిపిస్తే తరిమేసేది. ఆ కావలి బాగోగులు చూసే కచేరీకి కనకలతే పెద్ద. నొప్పిగది చిరునామా గుళికకు ఇచ్చేటప్పుడు కావలి దానికి చూపుతాళం వేసేది. చూడు, ముట్టకు అని. గుళిక అక్కడ ఒక్క అంకె రాయబోయినా లోపలికి రానిచ్చేది కాదు.

మరి గుళిక తాను రాయకుండా, ఆ చిరునామాను మూలంలోనే ఉండే 'పనివాళ్ళు' అనే పాత ప్రోగ్రాముల చేతికిస్తే? మొదట్లో కావలి దానికీ ఒప్పుకునేది కాదు. గుళికలు రాసేవాళ్ళు లబోదిబోమన్నారు.

"మూలంల ఉన్నోళ్ళంతా మనోళ్ళే. ఇంట్ల మనుషుల మీద గూడ అనుమానమా?" అంటూ కనకలతే ఆ అడ్డు తీయించింది. రాస్తానని ముందే చెప్పుకోని పనివాడు ఉత్తగా చూడటానికే వచ్చాడనుకోమని కావలికి నేర్పింది.

అలాంటి పాత పనివాడొకడు నునుపరి. గరుకుగా ఎగిరిపడే అంకెలను చదును చేయడం వాడి పని. చదును చేసినవి తెచ్చి మళ్ళీ అదే గదిలో రాసేస్తాడు. ఆ సంగతి వాడు చెప్పుకోలేదు, ఎవరూ అడగలేదు. ఆ రోజే ఎక్కించిన కొత్త పాలునొప్పి, నొప్పిగది చిరునామాను తీసుకెళ్ళి ఆ నునుపరి చేతిలోనే పెట్టింది. ఇక ఎంత దెబ్బ తగిలినా నొప్పిగది నిండదు, గంట మోగదు.

కనకలతకు ఇదంతా ఒక్క క్షణంలో వెలిగింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగకు తలుపు తీసింది తనే.

గోదాలో ఓదెలు మోచేతి దగ్గర తెల్లటి ఎముక బయటికొచ్చింది. వాడు నవ్వుతున్నాడు. ఎదుటి పైల్వాన్ అంకూస్ ఆ చేతిని పక్కకు నెట్టి మెడ చుట్టూ పట్టు బిగించాడు. ఇద్దరూ ఒక తాలీంలో పెరిగినవాళ్ళే. పొద్దున ఆమె ఇంట్లోనే ఒక కంచంలో తిన్నారు. "మెల్లగరా, ఎవలకు దెబ్బ తాకినా నాకు పానం ఆగది" అని ఆమె అంటే, "ఏంగాదక్కా, గంట లేదా?" అన్నాడు అంకూస్.

కనకలత కంచె దూకింది. "ఇడువురా అంకూస్! సచ్చిపోతడు!"

"గంట మోగలేదక్కా! సూడు, నవ్వుతుండు గద!"

ఓదెలు మొహం నల్లబడింది. పెదాల మీద నవ్వు అలాగే ఉంది. ఆమె అంకూస్ వేళ్ళు పెరికింది, రాలేదు. పక్కనే సాధన చేసే కర్రగద కనిపించింది. ఎత్తి వాడి భుజం మీద కొట్టింది. దోమ వాలినట్టు భుజం విదిలించాడంతే. వాడి పెట్టెలోనూ నునుపరి ఉన్నాడు మరి. ఈసారి తల మీద కొట్టింది. చెవి చీలి నెత్తురు చిమ్మింది.

"ఎందుకక్కా?" అన్నాడు అంకూస్ ఆశ్చర్యంగా. పట్టు మాత్రం వదల్లేదు.

మళ్ళీ కొట్టింది. పుర్రె ఎముక లోపలికి దిగింది. అంకూస్ చేతులు జారిపోయాయి. ఓదెలు మట్టిలోకి దొర్లి, ఖళ్ళున దగ్గి ఊపిరి అందుకున్నాడు. కనకలత మళ్ళీ గద ఎత్తింది, దించింది. ఎత్తింది, దించింది. నొప్పి ఏమాత్రం తగలని జనం ఇదీ ఆటలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు.

ఓదెలు పాక్కుంటూ వచ్చి ఎడంచేత్తో ఆమె కాలు పట్టుకున్నాడు.

"అక్కా... వాడు ఎప్పుడో ఇడిసిండే. కదుల్తలేడు గూడ. ఇంకెందుకు కొడుతున్నవే?"

గద ఇంకా పైకే ఉంది. కనకలత కళ్ళు అంకూస్ మీద లేవు. గోదా మీద వేలాడుతున్న గంట వైపే చూస్తున్నాయి.

"గంట మోగలేదు గదరా" అంది.