రత్తమ్మగారి వెచ్చని నేల

"టిక్కెట్టు ముందుకి జరిపించరా అబ్బాయ్... పై ఆదివారం నేను వెళ్ళిపోతాను" అని రత్తమ్మగారు కంచం ముందు కూర్చుంటూ అనేసరికి, లలితకుమారి చేతిలో గరిట పప్పుగిన్నెలోనే ఆగిపోయింది. ఆరు నెలలు ఉంటానని వచ్చిన అత్తగారు! మూడు వారాలైనా కాలేదు. కన్నతల్లి పోయాక తన తల నిమిరిన చెయ్యి ఆవిడది ఒక్కటే. ఆవిడ వచ్చాకే సింగపూర్‌లోని ఈ యీషున్ ఫ్లాటు నలుగురు మనుషులున్న ఇల్లులా అనిపిస్తోంది. ఇప్పుడు ఆవిడా వెళ్ళిపోతే... లలితకుమారికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"ఏం లోటొచ్చిందమ్మా?" అన్నాడు జనార్దనరావు కంగారుగా.

"లోటేం లేదురా. నేలే... కాలు పెడితే జివ్వుమంటోంది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి."

ఇంట్లో వేసుకోమని మెత్తటి చెప్పులు కొనిచ్చారు. "దీపం పెట్టే ఇంట్లో చెప్పులేమిటే" అని ఆవిడ వాటిని మంచం కిందికి తోసేశారు. బయట యీషున్ అంతా ఉక్కతో ఉడికిపోతుంటే, ఇంట్లో ఏసీ పగలూ రాత్రీ పద్దెనిమిది మీద ఆడుతూనే ఉంటుంది. వచ్చిన రోజున అత్తగారు "హాయిగా ఉందిరా" అన్నారు. జనార్దనరావు మురిసిపోయి మళ్ళీ దాని జోలికి పోలేదు. తల్లీకొడుకులిద్దరికీ నచ్చినదాన్ని కాదనడానికి తనెవరు? లలితకుమారి మాత్రం చీర మీద స్వెట్టరు వేసుకుని వంట చేసుకుంటోంది.

జనార్దనరావు సాఫ్ట్‌వేరు మనిషి. సమస్య చెబితే దాని మొదలు వెతకడు, దాని పైన ఇంకో ప్రోగ్రాం రాస్తాడు. కంప్యూటర్లకి వచ్చిన రెండువేల సంవత్సరం గండాన్ని అలాగే గట్టెక్కించాడు. పైగా కిందటి చలికాలం ఆఫీసు పని మీద కొరియా వెళ్ళి, వెచ్చటి నేల మీద పదిహేను రోజులు పడుకుని వచ్చాడు. "నేల కింద హీటింగు వేయిద్దాం!" అన్నాడు.

"సింగపూర్‌లోనా?" అంది లలితకుమారి.

అప్పటికే ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వేణ్ణీళ్ళ గొట్టాలా, కరెంటు తీగలున్న చాపలా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాడు. గొట్టాలకి నేల తవ్వాలి, కింది ఇంటివాళ్ళు ఊరుకోరు. చాపలైతే పాత పలకల మీదే పరిచి, పైన కొత్త పలకలు వేయొచ్చు. నేల అంగుళం పైకి లేస్తుంది, తలుపుల అడుగు కొంచెం చెక్కితే సరి. టిక్కెట్టు సంగతి నేల పూర్తయ్యాక మాట్లాడదామని తల్లిని బతిమాలి ఒప్పించాడు.

పనికి ఆంగ్ అనే పెద్దాయన వచ్చాడు. "బాస్, ముప్ఫై ఏళ్ళుగా ఫ్లోరింగ్ చేస్తున్నా. హీటింగ్ అడిగింది నువ్వే ఫస్టు లా" అని అక్కడివాళ్ళ అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి నవ్వి, నవ్వుతూనే పది రోజుల్లో హాలంతా వేసేశాడు.

స్విచ్చు వేసే రోజున రత్తమ్మగారు గోడ మీది మీటకి పసుపు రాసి, కుంకం పెట్టి, గడప దగ్గర కొబ్బరికాయ కొట్టించారు. కాసేపటికి నేల వేడెక్కింది. ఆవిడ మఠం వేసుకుని కూర్చుని, కొంగు తల మీదుగా కప్పుకున్నారు.

"ఎలా ఉందమ్మా?"

"కింద ఉడుకుతోంది, పైన గడ్డకడుతోంది. పెనం మీద అట్టు కూడా ఒక పక్కే కాలుతుంది కదురా."

పనిముట్లు సర్దుకుంటున్న ఆంగ్ చేతులు రుద్దుకుంటూ, ఏసీ కేసి చూసి అడిగాడు. "ఇంత చలి ఎవరికి కావాలి బాస్?"

జనార్దనరావు తల్లిని చూపించాడు. అదే క్షణంలో, సైగతోనే ప్రశ్న అర్థమైన రత్తమ్మగారు కొడుకుని చూపించారు.

జనార్దనరావు తల్లి ముందు చతికిలబడ్డాడు.

"నీకు హాయిగా ఉందన్నావు కదమ్మా! నేను ముక్కు దిబ్బడతో చస్తున్నాను."

"కష్టపడి పెట్టించావు, బాగాలేదంటే చిన్నబుచ్చుకుంటావని అన్నానురా..."

"ఆఫ్ చేసేయండి లా" అంది ఎనిమిదేళ్ళ కూతురు కీర్తిక, బిస్కెట్టు తింటూ. రిమోటు నొక్కి ఏసీ ఆపేసింది కూడా అదే.

రత్తమ్మగారు కోడలి వైపు తిరిగారు. "మరి నువ్వెందుకే నోరు విప్పలేదు? స్వెట్టరు వేసుకుని తిరిగావు కానీ ఒక్క మాటనలేదు. రోజూ నేను భోజనానికి కూర్చునే ముందు బొంతని ఇస్త్రీపెట్టెతో వేడి చేసి పరిచేదానివి. ఆ వెచ్చదనం ఎక్కడిదో నాకు తెలీదనుకున్నావా? నా కోసం నువ్వు పడే ఆ పాట్లు చూడలేకేనే, వెళ్ళిపోతానన్నది."

లలితకుమారి అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేసింది. ఆవిడ నిమురుతూ కూర్చున్నారు. జనార్దనరావు కూడా కళ్ళు తుడుచుకుని, ముక్కు దిబ్బడ వల్లే అన్నాడు.

టిక్కెట్టు జరపలేదు. కిటికీలు తెరిచారు. హీటింగు మాత్రం నెల రోజులు దండగగా పడి ఉంది. డిసెంబరులో వాన పట్టుకుని, కిటికీ బయట వెదురు కర్రల మీది బట్టలు వారమైనా ఆరకపోయేసరికి, రత్తమ్మగారే వెళ్ళి స్విచ్చు వేశారు. ఒక పక్క కీర్తిక స్కూలు బట్టలు, మరో పక్క ఆవిడ పెట్టిన గుమ్మడి వడియాలు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన జనార్దనరావు చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టబోయాడు.

"ఆగరా, వడియాలు తొక్కుతావు" అన్నారు రత్తమ్మగారు. "కోడలూ, ఈ స్విచ్చు మార్చి నెల దాకా ఆపకే. నేను ఉన్నన్నాళ్ళూ వడియాలు పెడతాను."