పియానో కింద కుంపటి

గుమ్మంలో అడుగు పెడుతూనే దెబోరాకి బొగ్గుల వాసన తగిలింది.

చంకలో పిల్ల, చేతిలో తడి గొడుగు. మిషన్ బంగళా హాల్లో, మిస్సమ్మగారి పియానో కింద ఎర్రగా కుంపటి. దాని పక్కన గొంతుక్కూర్చుని చేటతో విసురుతూ గాసి.

"ఏటది, గాసీ?"

"కాపడం పెడతన్నాను," అన్నాడు తలెత్తకుండా. "నీ పియానోకి సలి పట్టింది. పొద్దున్న నొక్కితే మెట్లు లెగనేదు."

దెబోరా పిల్లని చాప మీద దింపి, కుంపటిని వసారాలోకి లాగేసింది. వేళ్ళు చురుక్కుమన్నా చూసుకోలేదు. పరుగున వచ్చి మెట్లన్నీ వరసగా నొక్కింది. అన్నీ పలికాయి. నడుమ ఒక తెల్ల మెట్టు మాత్రం పలకలేదు. చెక్క మీద గోరు తగిలినట్టు టక్కుమని ఊరుకుంది.

"చంపేశావు," అంది మెల్లగా.

కేక వేసినా బాగుండేదేమో. గాసి చేట కింద పెట్టాడు.

దెబోరా మొగుడు ఈ కొండల్లో మిషన్ బడి పంతులుగా వచ్చి, మన్యం జ్వరంతో పోయాడు. అతను పోయాకే ఈ పిల్ల, సంతోషమ్మ పుట్టింది. బంగళా చూసుకునే పనీ, వెనక గదీ ఆమెకి మిస్సమ్మగారు ఇచ్చినవే. వానలకి ముందు కొండ దిగుతూ ఆవిడ పియానో తాళం దెబోరా చేతిలో పెట్టి, పసిపిల్లని చూసినట్టు చూడమన్నారు. ఇది పాడైతే పని పోతుంది. పని పోతే గది పోతుంది. ఆ పైన బొబ్బిలిలో బావగారి ఇల్లే గతి. అక్కడ తనకింత గంజి పోస్తారేమో గానీ, పిల్లకి పాలెవరు పోస్తారు?

గాసి ఆ పియానోని వెదుళ్ళకి కట్టి కొండెక్కించిన మోతగాళ్ళలో ఒకడు. బాప్తిస్మం తీసుకున్నా పాత పేరు వదులుకోలేదు. బంగళాకి కట్టెలు తెస్తాడు. తెచ్చేది ఒక పూటకి, కూర్చునేది రెండు పూటలు.

"ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"నువ్వే గదా సెప్పినావు, పసిగుంటని సూసినట్టు సూడాలని. ఈ గుంట పుట్టినప్పుడు మాయమ్మ నీ మంచం కింద ఏటెట్టింది?"

దెబోరా చాప మీది పిల్ల వైపు చూసింది. అప్పుడూ ఇలాగే ముసురు. పిల్ల నీలంగా, ఏడవకుండా పుట్టింది. గాసి తల్లి యర్రమ్మ మంచం కింద కుంపటి పెట్టి, చెయ్యి మార్చకుండా విసురుతూనే ఉంది. ఆ వేడికే ఈ పిల్ల గొంతు విప్పింది.

ఇంక తిట్టడానికి మనసొప్పలేదు. కూర్చుండిపోయింది.

"పిల్లలో ఉన్నది నెత్తురు, గాసీ. దీన్లో ఉన్నది జిగురు. నిప్పు తగిలితే ఎండి ఊడిపోతుంది."

"మరి సలికో?"

"చెక్క ఉబ్బుతుంది. వానలు పోతే తనే తగ్గుతుంది. ఓర్చుకోవాలి."

"అలాగైతే నాకూ నేర్పు," అన్నాడు. "మళ్ళీ తప్పు సెయ్యకుండా."

మర్నాటి నుంచి గాసి కట్టెలు దించగానే కుంకుడు రసంతో చేతులు తోముకుని వచ్చేవాడు. దెబోరా వాసన చూసి, ఇంకా ఆముదం జిడ్డు అంటుకునే ఉంది, పొమ్మని తిప్పి పంపేది. సంతోషమ్మ పాత గుడ్డలే తుడుపు గుడ్డలు. ఉతికి ఉతికి వెన్నలా అయినవి. పైచెక్కకి పొడి గుడ్డ. మెట్ల మురికికైతే నీళ్ళలో ముంచి, చుక్క రాలకుండా పిండిన గుడ్డ, దాని వెంటే పొడిది.

"అడ్డంగా కాదు, నీ వైపుకి తుడువు. అడ్డంగా తుడిస్తే సందుల్లోకి చెమ్మ దిగుతుంది."

"లోపల తీగలో?"

"వాటి జోలికి పోకు. చేతి చెమటకే తుప్పు పడతాయి."

"ఇంత గారం నాకెవులూ సెయ్యనేదు."

"నీలో జిగురు లేదుగా."

"ఉంది. అందుకే రోజూ ఈ వసారాకే అంటుకుంటన్నాను."

దెబోరా పిల్ల ముక్కు తుడవడానికన్నట్టు అటు తిరిగింది. పిల్ల ముక్కు శుభ్రంగానే ఉంది.

కానీ ఆ మూగ మెట్టు దగ్గరికొచ్చేసరికి ఇద్దరి చేతులూ ఆగేవి.

వానలు పోయి, కొండవాలు నిండా వలిసె చేలు పసుప్పచ్చగా పూశాక మిస్సమ్మగారు వచ్చారు. ఎలుక కొరికిందని చెబుదామని దెబోరా మనసులో కట్టుకున్న మాట, ఆవిడ వేలు ఆ మెట్టు మీద పడేసరికి గొంతులోనే ఉండిపోయింది.

"ఇది ఏమైంది, దెబోరా?"

"నాను సేసినాను," అన్నాడు వసారాలోంచి గాసి. "కింద కుంపటెట్టినాను. ఆవిడకి తెలీదు."

మిస్సమ్మగారి మొహం గట్టిపడింది. "అయితే నువ్వు ఇక బంగళాకి రావద్దు."

గాసి తల వంచుకుని వసారా మెట్లు దిగుతున్నాడు. దెబోరా నోరు మెదపకపోతే గది ఉంటుంది, పిల్లకి పాలుంటాయి. పిల్లని గుండెకి హత్తుకుంది. మిస్సమ్మగారి ముందుకి వచ్చింది.

"తాళం నాకిచ్చారు అమ్మగారూ. తీసి వదిలేసి వెళ్ళింది నేను. కుంపటితో ఈ పిల్లని బతికించుకున్నాం, పియానోనీ అలాగే బతికిద్దామనుకున్నాడు. అతన్ని పొమ్మంటే నన్నూ పొమ్మనాలి."

మిస్సమ్మగారు పియానో మూత ఎత్తి లోపలికి తొంగి చూశారు. తుప్పు లేదు, చిమ్మెట లేదు. తీగని కొట్టే చిన్న సుత్తి ఒకటి ఊడి పక్కకి ఒరిగి ఉంది.

"విశాఖపట్నం నుంచి మనిషి వచ్చి అతికిస్తాడు," అన్నారు. "నువ్వు ఉండు. గాసీ రావచ్చు. నిప్పు లేకుండా రావాలి."

ఆదివారం బంగళా హాల్లో జరిగే ఆరాధనలో మిస్సమ్మగారు కీర్తన వాయించారు. మూగ మెట్టు రాగానే రాగంలో గుంట పడింది. రెండోసారి ఆ చోటు వచ్చేసరికి, వెనక చాప మీంచి ఒక గొంతు ఆ ఒక్క స్వరం పాడి ఊరుకుంది. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ. మిస్సమ్మగారు తల తిప్పలేదు గానీ, అక్కడ కాస్త ఆగి ఆ గొంతుకి చోటిచ్చారు.

బయటికొచ్చాక దెబోరా అడిగింది. "అదేం పాట? ఒక్క ముక్కేనా?"

"నాను మూగ సేసిందే నాను పాడతాను. అది బాగయ్యేదాకా." గాసి పిల్ల వైపు చూశాడు. "బాగయినాక కూడా ఉండమంటే ఉంటాను. మీ ఇద్దరికీ."

జవాబు చెప్పేలోపే యర్రమ్మ గట్టు మీంచి లేచి వచ్చింది. ఆమె ఆరాధనకి రాదు. ఆమె దేవతలు ఆమెకున్నారు.

"ఏటే గుంటా, మావోడు అడిగినాడా? బేగి సెప్పు. అవతల సేలో పిట్టలు సామలు తినేత్తన్నాయి."

దెబోరా సంతోషమ్మని ఆమె చేతుల్లో పెట్టింది.

"పగలు నేను పియానో దగ్గరుండాలి, అత్తా. చలికి మాత్రం మీ కుంపటి దగ్గరికే వస్తాం."

అత్త అన్న పిలుపు అదే మొదలు. యర్రమ్మ పిల్ల పాదాలు తన చెంపకి ఆనించుకుని చూసింది.

"ఎచ్చగానే ఉన్నాయి," అంది. పిట్టల సంగతి మరిచిపోయింది.