తొంభై ఆరు డిగ్రీలు

"చంపింది ఎవరో తెలుసు. ఎత్తుకెళ్ళింది ఏమిటో తెలుసు. టైమే లేదు," అన్నాడు చీఫ్.

ల్యాబ్‌లో ఇద్దరే ఉన్నారు. ఎదురుగా నిలబడ్డ ఏజెంటును డిపార్టుమెంటులో అంగుళం అంటారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్ళీ మొదటినుంచి కొలిచే మనిషి.

ఆ ఉదయం విదేశీ ముఠా ఒక కొరియర్‌ను కాల్చి, అతని దగ్గరున్న ఫైలు పట్టుకుపోయింది. సరిహద్దు అవతల రహస్యంగా పనిచేస్తున్న ముప్పై ఒక్కమంది పేర్లు, అడ్రసులు అందులో ఉన్నాయి. దాని పాస్‌వర్డు కనిపెట్టే పనిని ముఠా నాయకుడు టోపీ తన ఫ్లాట్‌లోని డెస్క్‌టాప్‌కు అప్పగించాడు.

"నాలుగింటికి తెరుచుకుంటుంది. మన జీపు ఎంత తొక్కినా అయిదు."

"లోపల మన మనిషి ఉందిగా సార్?"

"ఉంది." చీఫ్ కిటికీ వైపు చూశాడు. "మీ వదిన."

ఆమె కోడ్ పేరు పట్టు. అన్న ఇదే ఉద్యోగంలో పోయిన ఆరు నెలలకు ఆ ఖాళీని ఆమే అడిగి తీసుకుంది. పట్టు గౌనులు వేసుకుని టోపీ పక్కన తిరిగేది. డిపార్టుమెంటు రహస్యాలు తనకు మోసుకొస్తోందని టోపీ రెండేళ్ళుగా నమ్ముతున్నాడు.

"రెయిడ్ జరగబోతోందని ఆమె చెబితే వాడు పారిపోతాడు," అన్నాడు చీఫ్. "డెస్క్‌టాప్‌ను కార్లో నడపలేడు. మిగతా పని ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని సరిహద్దు బ్రిడ్జి దగ్గర ఆగుతాడు. తెరవని ఫైలును అవతలివాళ్ళు కొనరు. కానీ రెండిట్లోనూ ఒకే ప్రాసెసరట కదా?"

"స్టిక్కరు ఒకటే సార్. చివరి అక్షరం వేరు. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ములు ఒకలా ఉంటారా?"

"ఎంత తేడానో కొలువు."

అంగుళం అలాంటి యంత్రాలనే పక్కపక్కన పెట్టి ఒకే పని ఇచ్చాడు. మొదటి రెండు నిమిషాలు ల్యాప్‌టాప్ సమానంగా పరిగెత్తింది. మూడో నిమిషంలో వేడి తొంభై ఆరు డిగ్రీలు దాటింది. కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంది. డెస్క్‌టాప్ గంటలో చేసే పనిలో ముప్పావు వంతే చేయగలిగింది. అంటే ఫైలు అయిదుకు పది నిమిషాల ముందు తెరుచుకుంటుంది. చాలదు.

ఈసారి ల్యాప్‌టాప్ కింద శాలువా మడిచి పెట్టాడు. వేగం సగం పైచిలుకుకు పడిపోయింది. అయిదూ నలభై.

ఆ అంకె కాగితం మీద వేసి చాలాసేపు చూశాడు. తేడా ఏమీ లేదని రాస్తే వదిన ఫ్లాట్‌లోనే క్షేమంగా ఉంటుంది. ముప్పై ఒక్కమంది ఉండరు. అతను అంకె మార్చలేదు.

ఫోన్‌లో వదినకు అతను టైలరు.

"మేడమ్, పెద్ద కోటు నాలుగింటికి అవుతుంది."

"చిన్న కోటో? గుడ్డ ఒకటేగా!"

"అయిదుకు పది నిమిషాల ముందు. కింద శాలువా మడత వేస్తే అయిదూ నలభై."



"మడత ఎవరో ఒకరు పట్టుకుని కూర్చోవాలేమో?"

"కూర్చోవాలి."

"నా ఒళ్ళో పెట్టుకుంటాలే. అంత నీరసపు గొంతెందుకు, టైలరుగారూ?" ఆమె నవ్వింది. "వెళ్ళి కాస్త తిను, మరిదీ."

లైన్ తెగింది. ఆమె రెండేళ్ళలో కోడ్ తప్పడం అదే మొదలు. తిరిగి వచ్చే ఆలోచన ఉన్నవాళ్ళు ఆ మాట అనరు.

దారిలో రైలు గేటు ముప్పై అయిదు నిమిషాలు మింగేసింది. మెకానిక్ దుస్తుల్లో అంగుళం బ్రిడ్జి దగ్గర దిగేసరికి అయిదూ ముప్పై ఎనిమిది. నల్ల కారు చెట్టు నీడన ఆగి ఉంది. ల్యాప్‌టాప్ బానెట్ మీద, రెండు పుస్తకాల ఎత్తున ఉంది. టోపీ దాన్ని తన టోపీతోనే విసురుతున్నాడు.

"పొయ్యి రాజేస్తున్నారా సార్?"

"పోరా, పో!"

స్క్రీన్ మీద తొంభై తొమ్మిది శాతం. అంగుళం పానాల పెట్టెలోంచి పిస్తోలు తీసి ముందు ల్యాప్‌టాప్‌ను, తర్వాత టోపీ భుజాన్ని కాల్చాడు. స్క్రీన్ నల్లబడింది. వెనకున్న జీపులోంచి మనుషులు దూకారు.

వెనక సీట్లో వదిన ఉంది. ఒళ్ళో గౌను పట్టు చతురస్రంగా కమిలిపోయి ఉంది. ఛాతీ మీద చిన్న రంధ్రం. శాలువా మడత టోపీ కంట పడి ఎంతసేపయిందో అంగుళం ఇంకా వెచ్చగా ఉన్న ఆమె చెయ్యి పట్టుకుని తెలుసుకున్నాడు. పావుగంట కాలేదు. రైలు గేటు లేకపోతే అన్న లెక్క అతను వేయలేదు. వేయడం వచ్చు.

మర్నాడు చీఫ్ రిపోర్టు తిరగేశాడు.

"ముప్పై ఒక్కమందీ క్షేమం. పైనుంచి అభినందించారు." గొంతు సవరించుకున్నాడు. "ఆమె పోస్టుకు అప్పుడే ఒక అప్లికేషన్ వచ్చింది."

దాని మీది చేతిరాత ఎవరిదో అడక్కుండానే చీఫ్ పేజీ తిప్పాడు.

"ల్యాప్‌టాప్ ఆలస్యానికి కారణం అనే గడి ఉంది. ఏం రాశావ్?"

"గాలి ఆడలేదని రాశాను సార్."