జంపక్క మాటలకు చోటు

2007 ఏప్రిల్. రెండో శనివారం కావడంతో ఆఫీసుకు సెలవు. దుమ్ముగూడెంలో మండలాఫీసు గుమాస్తా బాలకృష్ణ పొద్దున్నే టీ గ్లాసుతో ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సోమవారం ఇవ్వాల్సిన పింఛన్ల జాబితా టైపు చేసి సేవ్ చేయబోతే చోటు లేదని తెర మీద పడింది. మళ్లీ నొక్కాడు. లోపల డిస్కు టక టక కొట్టుకుని అంతా ఆగిపోయింది.

"దుర్గా, దీంట్ల ఏం నింపినవ్?"

డిగ్రీ చదువుతున్న కూతురు వంటింట్లోంచి వచ్చింది. "హార్డ్ డిస్కు పాతదైంది నాన్న. నలభై జీబీదే. ఎప్పుడు పోతదో తెల్వదు. ఈసారి పెద్దది తెద్దాం."

"పెద్దది ఎందుకు? అంత దాసుకునేది ఏముంది మన దగ్గర?"

"నానమ్మ మాటలున్నయ్."

బాలకృష్ణ ముఖం ముడుచుకుంది. రెండేళ్లుగా దుర్గ సెలవులకు వచ్చినప్పుడల్లా చిన్న మైకు ముందు నానమ్మ జంపక్కను కూర్చోబెట్టి, ఆమె తమ కోయ భాషలో చెప్పేవన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. అడవి దుంపల పేర్లు, పెళ్లి పాటలు, పాత సంగతులు. అతను ఒక్కటీ వినలేదు. ఏడేళ్లప్పుడు హాస్టల్లో చేరినవాడు. నోరు తెరిస్తే తోటి పిల్లలు నవ్వేవారు. ఆ భాషను అక్కడే వదిలేశాడు. కూతురికీ నేర్పలేదు.

"అవి తీసెయ్. కావాల్సినంత చోటు వస్తది."

"తియ్య."

"ఎవరు వింటరు అయన్నీ?"

"నేను వింట. నువ్వు నేర్పలేదు. నానమ్మను అడిగి నేర్చుకుంటున్న. అది కూడ తప్పేనా?"

"నేర్చుకుంటే ఏమైతదో నాకు తెల్సు. నువ్వు పడలేదు ఆ మాటలు. నేను పడ్డ."

వాకిట్లో చేటలో ఇప్పపువ్వు ఏరుతున్న జంపక్క తలెత్తింది. "తీసెయ్ బిడ్డా. నా ముచ్చట్ల కోసం నాయినతోని పంచాది ఎందుకు?" అంది, తెలుగులోనే. కొడుకు ఇంట్లో ఉంటే ఆమె ఎప్పుడూ తెలుగే మాట్లాడేది. దుర్గ కళ్లనీళ్లతో లోపలికి వెళ్లిపోయింది.

బాలకృష్ణ కంప్యూటర్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సులో భద్రాచలం వెళ్లాడు. షాపతను జైరాం డబ్బా విప్పి చూశాడు.

"కొత్త రకం డిస్కులు ఈ బోర్డుకు పట్టయ్ సార్. వెడల్పు పట్టీ వైరుతోని తగిలించే పాత రకందే పెట్టాలె. నలభై జీబీది ఉంది, ఎనభైది ఉంది. ముందు పాతదాంట్ల ఏమేం కావాల్నో చూడుర్రి. వద్దన్నయి వదిలేస్తే నలభై సరిపోతది."

పాత డిస్కు ఎలాగో తెరుచుకుంది. తెర మీద 'నానమ్మ' అనే ఫోల్డర్ కనబడగానే బాలకృష్ణ అన్నాడు, "అది వద్దు."

"పెద్దగుంది సార్. ఒకసారి విని చెప్పుర్రి," అంటూ జైరాం ఒక ఫైలు నొక్కాడు.

జంపక్క గొంతు షాపంతా వినిపించింది. బల్ల దగ్గరున్న ఇద్దరు ఇటు తిరిగారు. బాలకృష్ణ చెవులు వేడెక్కాయి. ఆపించబోయాడు. అంతలో ఆ మాటల్లో తన పేరు వినబడి ఆగిపోయాడు.

ఆమె కోయలో చెబుతోంది. 'మీ నాయన బాలకృష్ణను హాస్టల్లో దింపిన రోజు పొద్దుగూకేదాకా గోడ అవతలే నిలబడ్డాను. నెల తర్వాత మళ్లీ పోయాను. వాడు తడబడుతూ తెలుగు మాట్లాడుతుంటే పిల్లలు నవ్వుతున్నారు. పిలుద్దామనుకున్నా. నా మాట విని వాణ్ని ఇంకా నవ్వుతారని పిలవలేదు. ఆ వానాకాలమంతా తెలుగు మాట్లాడే సైదమ్మ ఇంట్లో పనికి కుదిరి తెలుగు నేర్చుకున్నాను. వాడు సెలవులకు వస్తే వాడితో మాట్లాడాలి కదా.'

ముప్పై ఐదేళ్లుగా నోట పలకని భాష. ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోలేదు. అమ్మకు తెలుగు మొదటినుంచీ వచ్చనే అతను ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"ఏం భాష సార్ ఇది?" జైరాం అడిగాడు.

ఎవరైనా అడుగుతారని బాలకృష్ణ బతుకంతా తప్పించుకు తిరిగిన ప్రశ్న అది.

"కోయ. మా భాష. మాట్లాడేది మా అమ్మ."

ఎవరూ నవ్వలేదు. జైరాం తలూపి, "మరి వదిలెయ్యాల్నా?" అన్నాడు.

"వద్దు. అన్నీ ఎక్కించు. ఒక్కటి గూడ పోవద్దు. ఎనభైది పెట్టు."

"ఎంత పెద్ద డిస్కైనా ఎప్పుడో ఒకప్పుడు పోతది సార్. పోవద్దనుకున్నది రెండు దిక్కుల ఉంచుకోవాలె."

బాలకృష్ణ జేబులోని డబ్బు లెక్కపెట్టాడు. "అయితే ఎనభైవి రెండియ్యి. ఒకటి దీంట్ల పెట్టు. ఇంకోటి బీరువాల దాస్త."

అన్నీ ఎక్కేదాకా భోజనానికి కూడా లేవకుండా అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. దుర్గ తలుపు తీసింది గాని తండ్రి ముఖం చూడలేదు. "అన్నీ ఉన్నయ్ బిడ్డా, రెండు డిస్కులల్ల," అని డబ్బా ఆమె చేతికిచ్చి, బాలకృష్ణ వాకిట్లో తల్లి పక్కన కింద కూర్చున్నాడు. మెల్లగా, తడబడుతూ, తిన్నావా అమ్మా అని కోయలో అడిగాడు. ఒక మాట తప్పు పలికాడు.

జంపక్క అతని ముఖంలోకి చూసింది. తర్వాత ముడతల చేత్తో అతని తల నిమిరి, ఆ తప్పిన మాటను సరిచేసి చెప్పింది. బాలకృష్ణ ఆమె వెనకే పలికాడు. గడపలో నిలబడ్డ దుర్గ చున్నీతో కళ్లొత్తుకుంది.