నలభై ఊళ్ళకు ఒక అబద్ధం

ఇంజనీర్ సుందరరావు శవం ఘాట్‌రోడ్డు లోయలో దొరికిన మర్నాడు, 2003 ఆగస్టులో, ఏజెంట్ ఉమాపతిని కొరాపుట్ గెస్ట్‌హౌస్‌కి పిలిపించాడు చీఫ్ చంద్రశేఖరం.

"జీపు దొర్లలేదు, దొర్లించారు," అన్నాడు చీఫ్. "కకిరిగుమ్మ నుంచి కొల్నార దాకా రైలుకట్ట వెంబడి నలభై ఊళ్ళకి తలో కంప్యూటరూ, ఫోన్‌లైనూ పెట్టి కలిపినవాడు సుందరరావు. విదేశీ ముఠా అతని పాస్‌వర్డ్ కొట్టేసింది. రేపు పన్నెండింటికి కలెక్టర్ పేరుతో దొంగ మెసేజ్ పంపుతుంది. ఊళ్ళు నమ్మితే, తర్వాత పట్నాలు."

"సర్వర్ ఆపేస్తే?"

"నాలుగు శాఖల సంతకాలు కావాలి. రెండే వచ్చాయి."

ఉమాపతి పళ్ళు నూరాడు.

సాయంత్రానికి యూపీఎస్ మెకానిక్ వేషంలో రాయగడ నెట్‌వర్క్ ఆఫీసు మెట్లెక్కాడు. ముఠాలో చేరినట్టు నటిస్తున్న డబుల్ ఏజెంట్ మనీష అక్కడే ఉంది. నల్లకళ్ళద్దాలు, ఎర్రచీర, గది నిండా సెంటు వాసన.

"బ్యాటరీ ఉబ్బిందా?" కోడ్ అడిగాడు.

"వానకి ఉబ్బింది," అని నవ్వి సీడీ ఇచ్చింది. "కకిరిగుమ్మ కంప్యూటర్లో పెట్టు. సర్వర్ లాకవుతుంది."

మర్నాడు ప్యాసింజర్ గంటన్నర లేటు. పదకొండూ ముప్పావుకి కకిరిగుమ్మ కేంద్రంలో అడుగుపెట్టాడు. దాన్ని నడిపే పుణ్యవతి అల్లం ధరలు నల్లబల్ల మీద రాస్తోంది. కరెంటు లేదు. యూపీఎస్ కూస్తోంది.

"వచ్చేవా బాబూ! ఈ కూతేటో సూడు."

సీడీ పెట్టాడు. ఖాళీ! మనీష అమ్ముడుపోయింది. తనని కావాలనే ఇంత దూరం తోలేసింది. రాయగడ ఆఫీసు ఫోన్ ఎంగేజ్. శాటిలైట్ ఫోన్‌కి కొండలడ్డం.

సరిగ్గా పన్నెండు. తెర మీద అక్షరాలు మెరిశాయి: "డ్యామ్ తెగింది. అందరూ రైలుకట్ట ఎక్కండి. కలెక్టర్."

కిటికీలోంచి ఇనుపరాయి గూడ్సు రాయగడ వైపు దిగిపోతూ కనిపించింది. ముందన్నీ మలుపులు, సొరంగాలు. కట్ట ఎక్కిన జనానికి తప్పుకునే వ్యవధి ఉండదు.

ఉమాపతి హెచ్చరిక టైప్ చేశాడు. పాస్‌వర్డ్ అడిగింది. మూడుసార్లు కొట్టాడు, మూడుసార్లూ తిప్పికొట్టింది.

"ఛీ! దొంగకి తెరుచుకున్న తలుపు నాకు తెరుచుకోదు!" బల్ల గుద్దాడు.

"నెగు బాబూ." పుణ్యవతి అతన్ని పక్కకి నెట్టి ఓ చాట్ కిటికీ తెరిచింది. కేంద్రాలవాళ్ళు మాట్లాడుకోడానికి సుందరరావు చేసిపెట్టినది. అందులో అప్పటికే ప్రశ్నలు కురుస్తున్నాయి: "పుణ్యక్కా, నిజమేటి?"

"నా మాట మీద ఇన్ని ఊళ్ళున్నాయి. అబద్దమేనా? ఒట్టేసి సెప్పు," అంది.

"ఒట్టు. సుందరరావుని చంపినవాళ్ళు పంపారమ్మా."

ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత టకటకమన్నాయి: "అబద్దం. కట్ట దిగిపోండి. గూడ్సొస్తంది."

జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి. ముప్పై ఎనిమిది. ఒక్క ఊరు పలకలేదు. యూపీఎస్ కూత ఏకధాటిగా మారింది. తెర వణికింది.

"దిగిపోయేం అక్కా. గూడ్సు ఇప్పుడే ఎల్లిపోయింది."

తెర నల్లబడింది. పుణ్యవతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "టైపు నేర్పింది ఆ బాబే," అంది మెల్లగా.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. మనీష రాయగడ స్టేషన్లో దొరికింది. ముఠా మొత్తం పేర్లు చెప్పేసింది.

"ఇంకో మాట ఉమాపతీ. ఆ చాట్ కిటికీకి పర్మిషన్ లేదట. వెంటనే మూయించమని ఢిల్లీ ఆర్డర్. నాలుగు సంతకాలూ వచ్చేశాయి."

"ఆవిడ పక్కనే ఉంది సార్," అన్నాడు ఉమాపతి. "ఫోనిస్తున్నాను, మీరే చెప్పండి."